పచ్చగా పెరిగిన బూజు

ఇంట్లో గోడ మీద పిసరంత బూజు కనబడితే చీపురు పట్టుకుని వెంటపడే మనిషి, పనిచేసే చోట మాత్రం బూజుకు పురుళ్ళు పోసేది. ఆమెకు బూజత్త అని పేరు పెట్టింది మేనకోడలు. చివరికి యజమానికి కూడా అదే అలవాటైంది.

మొక్కల వేళ్ళు కుళ్ళబెట్టే తెగులును చంపే మంచి బూజు అది. పెప్టైడ్ అనే చిన్న ప్రోటీన్ రకం మందును తనే తయారుచేసి విడుస్తుంది. దాన్ని గాజు పళ్ళేలలో పెంచి, పొడి చేసి, నర్సరీలకు అమ్మేవారు. పాత పళ్ళెంలోంచి కొత్తదాంట్లోకి విత్తనంగా కాస్త బూజు మార్చడం బూజత్త పని. అందులో ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేది కాదు. అన్నిటికంటే గబగబా పెరిగి పచ్చగా కళకళలాడేదాన్నే విత్తనానికి ఉంచేది. బక్కచిక్కి పసుపు తిరిగినవి ఆవిరి కుక్కర్లో ఉడికి చెత్తబుట్టలోకి పోయేవి.

అలాంటిది, ఈ ఏడు పొడి వేసినా నారు కుళ్ళిపోతోందని నర్సరీలవాళ్ళు వరసగా వచ్చి గొడవ పెట్టుకున్నారు.

"నీ బూజు పనైపోయిందత్తా. మొత్తం పారేసి బయట్నుంచి తయారైన పొడే తెప్పిస్తా" అన్నాడు యజమాని.

అది పోతే ఇక అక్కడ ఆమెకు పనేముంది? బూజత్త పళ్ళేలన్నీ బయటికి తీసింది. చూస్తే బూజేమో ఎన్నడూ లేనంత ఏపుగా ఉంది. నీళ్ళు మారాయా, కొత్త పళ్ళేలు ఆవిరిలో సరిగ్గా ఉడకలేదా, తన చేతులకే ఏమైనా అయిందా? ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతు చిక్కలేదు.

జన్యువుల చదువు చదివిన మేనకోడలు పచ్చటి పళ్ళేలతోపాటు ఇంకా ఉడకని బక్కవాటినీ పట్టుకెళ్ళి, పరీక్షలు చేసుకొచ్చింది.

"పచ్చగా ఉన్నవాటిలో మందు తయారుచేసే జన్యువు ముక్క ఊడిపోయిందత్తా."

"ఊడిపోతే అంత బలంగా ఎలా ఉందే?"

"ఊడింది కాబట్టే! మందు చెయ్యాలంటే బోలెడు శక్తి పడుతుంది. ఆ పని ఎగ్గొట్టి, తిని పెరగడమే పనిగా పెట్టుకుంది. పళ్ళెంలో తెగులు ఉండదుగా, దానికేం లోటు?"

"మరి అదే ఎందుకు మిగిలింది?"

"నువ్వే ఏరావత్తా. మందు చేసేవాటిని బక్కగా ఉన్నాయని ఉడకబెట్టేశావు."

బూజత్తకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బాగున్నదాన్ని ఉంచుకోవడం తప్పెలా అవుతుంది? అయితే బాగాలేనిదాన్ని పెంచాలా? మరి బాగుండటమంటే ఏమిటి? అర్థమైనట్టే ఉండి అంతలోనే జారిపోతోంది.

యజమాని కళ్ళ ముందే మేనకోడలు రెండు రకాలనూ తెగులు పక్కన పెంచి చూపించింది. పచ్చటిదాన్ని తెగులు కప్పేసింది. బక్కదాని దగ్గర మాత్రం తెగులు కాస్త దూరంలోనే ఆగిపోయి, మధ్యలో ఖాళీ చార మిగిలింది.

"ఇక నుంచి ఇలా చూశాకే విత్తనానికి ఉంచండి. అత్తే చూసుకుంటుంది" అని యజమాని చల్లబడ్డాడు.

పని నిలబడింది. బక్కది అలమరలోకి చేరింది. పచ్చటి పళ్ళేలు కుక్కర్లో సర్ది, బూజత్త మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"మూత పెట్టు అత్తా."

"ఇదేం తప్పు చేసిందే?" అంది బూజత్త. "నేను కోరినట్టే కదా పెరిగింది!"