ఒకరి గురించి ఒకరు రాసిన కాగితాలు

ఆ బళ్ళో టైంటేబులు వేసేది లెక్కల టీచరు. పదిహేడేళ్ళుగా ఆమే వేస్తోంది. బడి తెరిచే ముందు వారం స్టాఫ్‌రూములో పెద్ద చార్టు పరిచి, గళ్ళు గీసి, పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, ముప్పైనలుగురు టీచర్లను పద్దెనిమిది సెక్షన్లకు సర్దేది. ఆ వారం రోజులూ ఆమె మీద అందరికీ ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చేది. డ్రిల్లు మాస్టారైతే స్వయంగా టీ పట్టుకొచ్చి పక్కన నిలబడేవాడు.

“మేడమ్, భోజనాలయ్యాక మాత్రం నాకు పీరియడు వెయ్యకండి. పిల్లలూ పరిగెత్తరు, నేనూ పరిగెత్తలేను.”

ఆమె నవ్వి, టీ తాగి, వెయ్యవలసిన చోటే వేసేది. అందుకే ఆమె టైంటేబులు మీద సణుగుడు ఉండేది గాని, తగువు ఉండేది కాదు.

ఒక్కరి విషయంలోనే ఆమె నియమం సడలింది. సైన్సు టీచరు ఆమెకంటే రెండేళ్ళు పెద్ద, అక్కా అనే పిలిచేది. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రోజూ కలిసే తినేవాళ్ళు. మూడేళ్ళ కిందట సైన్సు టీచరు అత్తగారు మంచం పట్టింది. పగలు చూసుకునే మనిషి మూడింటికల్లా వెళ్ళిపోతుంది. అది విని లెక్కల టీచరు, అప్పటికే పూర్తయిన చార్టును మొత్తం చెరిపి, వారంలో నాలుగు రోజులు చివరి పీరియడు అక్కకు ఖాళీగా ఉండేట్టు మళ్ళీ వేసింది. ఖాళీ ఉన్నవాళ్ళు ముందే ఇంటికి వెళ్ళవచ్చని ఎక్కడా రాసిలేదు. వద్దని ఎవరూ అననూ లేదు.

అలా ఉండగా వైస్ ప్రిన్సిపాల్‌గారు రిటైరయ్యారు.

ఆ బళ్ళో టీచరుగా చేరినవాళ్ళు టీచరుగానే దిగిపోతారు. మధ్యలో ఉన్న మెట్టు అదొక్కటే. దాని మీద కాలు పెట్టదగిన సీనియర్లు ఇద్దరే, లెక్కల టీచరూ సైన్సు టీచరూ. లెక్కల టీచరుకు జీతం మీద కంటే ఆ గది మీద మనసుండేది. కింది అంతస్తులో తలుపున్న చిన్న గది అది. ఇరవై రెండేళ్ళ నుంచి సుద్దపొడి పీలుస్తూ మూడంతస్తులు ఎక్కి దిగిన మోకాళ్ళకు ఆ గది స్వర్గంలా కనిపించేది.

“నీకు కాక ఇంకెవరికిస్తారు?” అన్నాడు భర్త, ఆయన ధోరణిలో పేపరు మీంచి తలెత్తకుండానే. ఆ మాట ఆమె బయటికి అనలేదు గాని, లోపల చాలాసార్లు అనుకుంది.

వారం తిరిగేసరికి స్టాఫ్‌రూము రెండు ముక్కలైంది. కింది తరగతుల టీచర్లు సైన్సు టీచరు వైపు, పై తరగతులవాళ్ళు లెక్కల టీచరు వైపు. డ్రిల్లు మాస్టారు రెండువైపులా తిరుగుతూ ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసి ఇద్దరినీ సమానంగా మునగచెట్టు ఎక్కించాడు. వాళ్ళిద్దరూ మాత్రం కిటికీ పక్కనే తింటూ ఉన్నారు. కాకపోతే మాటలు తగ్గాయి. ఎండ గురించీ, కొత్త డస్టర్ల గురించీ మాట్లాడుకుని డబ్బాలు మూసేసేవాళ్ళు.

ఒక శుక్రవారం ప్రిన్సిపాల్‌గారు లెక్కల టీచరును పిలిచి కూర్చోమన్నారు.

“మీ గురించి నాకు తెలుసు మేడమ్. సైన్సు మేడమ్ గురించి మాత్రం మీ అభిప్రాయం ఒక పేజీ రాసివ్వండి. మేనేజ్‌మెంటు అడుగుతోంది. ఇది మన మధ్యే ఉంటుంది.”

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. మంచే రాసింది. సబ్జెక్టు బాగా చెబుతారని, పిల్లలకు ఆవిడంటే ప్రాణమని రాసింది. పేజీ కింద నాలుగు వేళ్ళ జాగా మిగిలింది. కాసేపు దానికేసి చూసి, “వారంలో చాలా రోజులు చివరి పీరియడుకు ముందే ఇంటికి వెళ్ళిపోతారు” అని చేర్చింది. కలం పక్కన పెట్టి, ఆ వాక్యంలో అబద్ధమేమైనా ఉందా అని వెతికింది. ఎక్కడా లేదు. ప్రతి మాటా నిజమే. మడిచి కవరులో పెట్టింది.

నెల తిరక్కుండా స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్‌గారు కొత్త మనిషిని పరిచయం చేశారు. వేరే బడినుంచి తీసుకొచ్చిన వైస్ ప్రిన్సిపాల్. “మన సీనియర్లు ఇద్దరి మీదా కొన్ని అభ్యంతరాలు వచ్చాయి, అందుకని బయటినుంచి తేవలసి వచ్చింది” అన్నారాయన, వాతావరణం గురించి చెబుతున్నంత తేలిగ్గా. సైన్సు టీచరు తలతిప్పి ఇటు చూసింది. లెక్కల టీచరు నేల చూసింది.

కొత్తాయన చెడ్డవాడు కాదు. వచ్చిన కొన్నాళ్ళకు పాత టైంటేబుళ్ళు కావాలని, బీరువా తాళాలు లెక్కల టీచరుకే ఇచ్చి వెతకమన్నాడు. ఫైళ్ళ మధ్య రెండు కాగితాలు ఒకే పిన్నుకు గుచ్చి కనిపించాయి. పైది తన రాత. కిందిది సైన్సు టీచరుది. తారీఖు చూస్తే, తను రాసినదానికి రెండు రోజుల ముందుది.

“లెక్కలు చెప్పడంలో, క్రమశిక్షణలో ఈ బళ్ళో ఆమెకు సాటి లేరు. కానీ వెనకబడిన పిల్లల దగ్గర ఓపిక తక్కువ. బోర్డు దగ్గరికి ఎప్పుడూ వచ్చేవాళ్ళే వస్తారు. ఆ పదవిలో ఉండేవారికి మిగతా పిల్లలు కూడా కనిపించాలి.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కలిసి తిన్న మనిషి ఇంతమాట రాస్తుందా అనుకుంటూ, ఆ ఊపులోనే తొమ్మిదో తరగతికి వెళ్ళింది. లెక్క బోర్డు మీద రాసి, ఎవరు చేస్తారని తిరిగేసరికి, రోజూ పిలిచే నలుగురి పేర్లే నాలిక చివరికి వచ్చాయి. ఆగిపోయింది. చివరి వరుసలో ఒక పొడుగుపిల్ల ఉంది. ఆ ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ పిల్లను పిలిచిన గుర్తు లేదు. పిలిచింది.

పిల్ల సుద్దముక్క పట్టుకుని రెండు వరుసలు చేసి నిలబడిపోయింది. క్లాసు నవ్వబోయింది గాని టీచరు చూపుకు ఊరుకుంది. పక్కన నిలబడి ఒక్కొక్క మెట్టే అడిగింది. మైనస్ గుర్తు ఇటునుంచి అటు వెళితే ఏమవుతుందో ఆ పిల్లకు తెలియదు. పదకొండు నిమిషాలు పట్టింది. ఆరో తరగతి నుంచీ ఆ పిల్లకు లెక్కలు చెబుతున్నది తనే.

కోపం ఎటుపోయిందో తెలియలేదు. దాని చోట మిగిలింది కోపం కంటే బరువుగా ఉంది. అక్క రాసింది కఠినం, కానీ నిజం. తను రాసింది కూడా నిజమే, కానీ అలాంటి నిజం కాదు.

మర్నాడు లాబ్‌కు వెళ్ళింది. సైన్సు టీచరు పరీక్షనాళికలు కడుగుతోంది.

“అక్కా, బీరువాలో నీ కాగితం చూశాను. నీ గురించి నేనూ ఒకటి రాశాను.”

“మీటింగు రోజే అనుకున్నాలే, ఇద్దరినీ అడిగుంటారని. ఏం రాశావు?”

చెప్పింది. సైన్సు టీచరు కాసేపు కడుగుతూనే ఉంది.

“ఆ పీరియడు ఖాళీ చేసింది నువ్వే కదా?”

“నేనే.”

“అది రాశావా?”

“రాయలేదు.”

సైన్సు టీచరు కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది. “నేను రాసిందేదో నీ మొహం మీదే చెప్పాల్సింది. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చెప్పలేకపోయా. అది నా తప్పు, ఒప్పుకుంటా. నువ్వు చేసింది వేరు.”

ఆ మధ్యాహ్నం నుంచి సైన్సు టీచరు లాబ్‌లోనే తినసాగింది.

లెక్కల టీచరు ఇంకో కాగితం రాసింది. చివరి పీరియడు ఖాళీగా వేసింది తనేనని, కారణం తెలిసీ తన రిపోర్టులో దాచానని, దీన్ని ఆ ఫైలులో చేర్చమని. ప్రిన్సిపాల్‌గారు చదివి ఇబ్బందిగా కదిలారు.

“అయిపోయిందిగా మేడమ్, ఇప్పుడెందుకు?”

“ఫైలు ఇంకా అక్కడే ఉందిగా సార్.”

ఆయన ఆ కాగితాన్ని కూడా గుచ్చారు.

మరుసటేడు ఊరికి ఆ చివర చిన్న పిల్లలకోసం కొత్త శాఖ తెరిచారు. దానికి హెడ్‌మిస్ట్రెస్‌గా సైన్సు టీచరును వేశారు. ఆ బడి ఆమె ఇంటికి రెండు వీధుల అవతలే. ఆ మూడో కాగితం పనిచేసిందా, లేక వెళ్ళడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదా అన్నది ఎవరికీ తెలియదు. వెళ్ళే రోజున ఆమె డబ్బా పట్టుకుని వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. మునుపటి చనువు రాలేదు. అయినా లేస్తూ, “మోకాళ్ళు జాగ్రత్త. మేనేజ్‌మెంటును లిఫ్టు అడుగు, ఇవ్వరనుకో” అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ ఏడు పదో తరగతి ఫలితాలొచ్చాక ప్రిన్సిపాల్‌గారు లెక్కల టీచరును పిలిచారు. తొంభై అయిదు దాటినవాళ్ళు ప్రతి ఏడూ అయిదుగురుండేవారు, ఈసారి ఇద్దరే.

“మీ రిజల్టు తగ్గింది మేడమ్.”

“పైన తగ్గిందండీ. కింద ఎవరూ తప్పలేదు.”

ఆయన జాబితా తిరగేసి చివరిదాకా చూశారు. పొడుగుపిల్లకు నలభై ఒకటి వచ్చాయి. “సరే, అయినా సంజాయిషీ రాసివ్వాలి, పద్ధతి ప్రకారం” అన్నారు. ఆమె అక్కడే నిలబడి నాలుగు వరుసలు రాసిచ్చి, గంట కొట్టడంతో మూడో అంతస్తుకు మెట్లెక్కింది.