మూడోసారి ఆగితే బయటికే

మా బిడ్డ కోరుట్లలో పశువైద్యం చదువుతోంది. రెండో ఏడాదిలో ఒకరోజు ఫోన్ చేసి, "బాపూ, తిన్నవా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "గుర్రం ఎక్కుడు నేర్సుకుంటున్న" అన్నది.

"ఎక్కుడు సరే, దిగుడు గూడ నేర్పుతున్నరా?" అన్నాను.

"రెండుసార్లు దిగిన. రెండుసార్లూ గుర్రమే దింపింది."

కోరుట్ల చివర ఒక రేకుల షెడ్డు, ఆరు గుర్రాలు, పోలీసు గుర్రపు దళంలో పనిచేసి వచ్చిన ఒక సారు. అదే ఆ స్కూలు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ఒకదాని తర్వాత ఒకటి మూడు ప్రాక్టీసు పోటీలు పెట్టాలని సారు అనుకున్నారు. నిబంధనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. పిల్లల తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో అవి కావాలి. "మా బాపు లెక్కల్ల గట్టి, రాత గూడ మంచిగుంటది" అని మా బిడ్డ నన్ను అడగకుండానే ఒప్పేసుకుంది.

మాది సిరిసిల్లలో నేత కుటుంబం. పదో తరగతితో బడి మానేసి మరమగ్గాల షెడ్డులో చేరాను. ఎంత గుడ్డకు ఎన్ని పోగులు, ఎంత పడుగుకు ఎంత నూలు అన్న లెక్క చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఇప్పటికీ అదే నా బతుకు. గుర్రాన్ని పెళ్లి బరాత్‌లో తప్ప దగ్గరగా చూసినవాణ్ణి కాదు. అయినా సారు "నీకేం తెలుసు" అనలేదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, "ఒక్కొక్కటే అడుగుండ్రి, చెప్త" అన్నారు. అడగనిచ్చేవాళ్లు దొరకడం ఎంత అదృష్టమో సొంతంగా నేర్చుకున్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

పోటీలో రెండు భాగాలు. మొదటిది డ్రెస్సేజ్. మైదానం చుట్టూ అక్షరాల పలకలు పెడతారు. ఏ అక్షరం దగ్గర నడవాలి, ఎక్కడ దౌడు తీయాలి, ఎక్కడ కదలకుండా నిలబడాలి అన్నది ముందే చెబుతారు. ప్రతి కదలికకూ పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. రెండోది జంపింగ్. వరుసగా పెట్టిన అడ్డుకర్రలు దూకాలి. కర్ర పడితే నాలుగు తప్పులు, గుర్రం అడ్డు ముందు ఆగిపోతే నాలుగు తప్పులు. మూడోసారి ఆగితే బయటికే. ఒకదాంట్లో అంకె పెరిగితే సంతోషం, ఇంకోదాంట్లో తగ్గితే సంతోషం.

ఇంకా కొన్ని ఉన్నాయి. మూడు ఊళ్లలోనూ ఒకే మనిషి ఒకే గుర్రం మీద పోటీ చేయాలి. బయటి నుంచి ఎవరైనా మాటతో గాని సైగతో గాని సాయం చేస్తే ఆ జోడీ బయటికే. మొదటి గుర్రం మైదానంలోకి వచ్చాక అడ్డుల దగ్గర ఏదీ మార్చకూడదు. ముందు వచ్చినవాళ్లకు ఉన్నదే వెనక వచ్చినవాళ్లకూ ఉండాలి. ఈ చివరిది నాకు అన్నిటికన్నా నచ్చింది. సగం నేశాక పోగుల లెక్క మారిస్తే గుడ్డ ఏమవుతుందో నాకు తెలుసు.

స్కూల్లో ఆరు గుర్రాలకూ ముందే పేర్లు పడిపోయాయి. మా బిడ్డకు మిగిలింది ఏడోది, స్కూలుది కానిది. గొల్లపల్లి నుంచి వచ్చిన ఒక అక్కది ఆ తెల్ల గుర్రం. భర్త పోయాక పెళ్లి బరాత్‌లకు దాన్ని ఆమే నడిపిస్తోంది. ఆ ఎండాకాలం ఒక ఊరేగింపులో ఎవరో కాల్చిన పటాకీ దాని కాళ్ల మధ్య పడి డొక్క కాలింది. ఆ గాయానికి మందు పూయడానికి వెళ్లిన విద్యార్థుల్లో మా బిడ్డ ఒకతి. గాయం మానింది గాని గుర్రానికి చప్పుడంటే భయం పోలేదు. డీజే వినబడితే చాలు, చెమటలు పట్టి వణికిపోయేది.

"నాయి మోకాళ్లు పోయినయ్, దాని గుండె పోయింది. ఇద్దరం ఒక్కసారే రిటైర్ గావాలె తమ్మీ" అన్నది అక్క, నన్ను మొదటిసారి చూసిన రోజే.

దాన్ని కొంటానని ఒక బేరగాడు రెండుసార్లు వచ్చి పోయాడు. అమ్మితే మళ్లీ బరాత్‌లకే, ఇంకా దూరం ఊళ్లకు. సారు ఆమెకు ఒక మాట ఇచ్చారు. మూడు పోటీలూ మధ్యలో బయటికి పోకుండా పూర్తి చేస్తే, చిన్నపిల్లలకు నేర్పే గుర్రంగా దాన్ని స్కూల్లోనే ఉంచుకుంటానని, చూసుకునే పని ఆమెకే ఇస్తానని. "అందరి ముందట మొండికేసిన గుర్రం మీద ఏ తల్లి తన పిల్లను ఎక్కిస్తది చెప్పు? నన్ను తప్పు పట్టకమ్మా" అని కూడా అన్నారు. ఆమె తప్పు పట్టలేదు. దాని నుదురు నిమిరి, "విన్నవానే, బుద్ధిగుండు" అని చెప్పింది.

అడ్డుల మధ్య దూరం కొలిచే పని కూడా నా మీదే పడింది. దౌడులో మామూలు గుర్రం ఒక అంగకు పన్నెండు అడుగులు దాటుతుంది. అంగలు సరిపడేలా దూరం పెడితే గుర్రం సరైన చోట కాళ్లు లేపుతుంది. ఈ తెల్లదానివి పదిన్నర అడుగులే. బ్యాండు వెనకాల నడిచి నడిచి చిన్న అంగలు అలవాటైపోయాయి. మా బిడ్డ నెలల తరబడి దాని అంగ సాగదీసింది. సారు మా బిడ్డకు ఇంకొకటి నేర్పారు. కళ్లేన్ని గుర్రం మెడ మీద ముడి వేసి, చేతులు రెండూ రెక్కల్లా చాపి చిన్న అడ్డులు దూకించేవారు. "చేతులతోటి గుర్రాన్ని గుంజుడు కాదు, నీ నడుము నిలవడాలె" అని ఆయన అరుస్తుంటే, పక్కన అక్క, "గా పొల్ల పడితే నీ నడుము ఇరగ్గొడ్త సారూ" అని అంతకన్నా గట్టిగా అరిచేది.

జగిత్యాలలో మొదటి పోటీ. గజ్జెలు, ముఖమల్ గుడ్డ అన్నీ విప్పేసి వట్టి జీనుతో వచ్చిన గుర్రాన్ని చూసి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముండమోసినట్లు అయింది" అని గొణిగింది. డ్రెస్సేజ్‌లో నడకకు ఐదు, దౌడుకు నాలుగున్నర వచ్చాయి. మధ్యలో కదలకుండా నిలబడే చోట మాత్రం పదికి తొమ్మిది. హైదరాబాద్ నుంచి వచ్చిన జడ్జి మేడం, "ఇంత చక్కగా నాలుగు కాళ్లు సమంగా పెట్టి నిలబడ్డ గుర్రాన్ని ఈ మధ్య చూడలేదు" అన్నారు.

"నిలవడుట్ల దీన్ని మించినదేది మేడం? పెండ్లి ఫోటోలకు గంటలు గంటలు నిలవడ్డది" అన్నది అక్క.

కోరుట్ల పోటీకి రెండు రోజుల ముందు అక్క ఒక పెళ్లికి వెళ్లక తప్పలేదు. ఎప్పుడో ఒప్పుకున్నది. డీజే పెట్టం, డప్పులే అని మాట తీసుకున్నాకే కదిలింది. అక్కణ్ణుంచి గుర్రాన్ని స్కూలుకు తోలుకురావడానికి నేనూ మా బిడ్డా వెళ్లాం. మేం వెళ్లేసరికి బరాత్ పెళ్లిపిల్ల ఇంటి ముందుకు వచ్చి ఆగింది. గేటుకు బంతిపూల దండలు, మామిడాకులు. ఆడవాళ్లు హారతి ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, దిష్టి తీశారు. అంతా అయినా గుర్రం మాత్రం అంగుళం కదల్లేదు. పైన పెళ్లి పిలగాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఓ పిలగా, ఫోన్ జేబుల వెట్టి దండం వెట్టు. నువ్వు వెట్టకుంటే గిది తెల్లారినా కదలది" అన్నది అక్క.

"గుర్రానికి గింత పట్టింపేందే?" అన్నాడు పిలగాడి మేనమామ.

"మా ఆయన నేర్పిండు. పెద్దల ముందట చేతులు జోడియ్యనోన్ని లోపటికి తోల్కపోదు. నీ అల్లునికి నీకంటే ముందు గిదే బుద్ధి చెప్తున్నది."

అందరూ నవ్వారు. పిలగాడు సిగ్గుపడుతూ రెండు చేతులూ జోడించి ముందుకు వంగాడు. గుర్రం చెవులు కదిలించి గేటులోకి నడిచింది.

జగిత్యాలలో జంపింగ్ కూడా ఆగకుండా గట్టెక్కింది. కోరుట్లలో ఒక కర్ర పడింది. ఆగలేదు. ఇక మిగిలింది సిరిసిల్ల.

మా ఊళ్లో పోటీ ఒక కాలేజీ మైదానంలో జరిగింది. అడ్డులన్నీ రెండడుగుల ఎత్తే. పొద్దున్నే దూరాలు కొలిచి, సరిచూసుకుని, సంతోషంగా టిఫిన్‌కు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ముఖ్య అతిథి వస్తున్నారని మా వాళ్లెవరో మొదటి అడ్డుకూ చివరి అడ్డుకూ బంతిపూల దండలు చుట్టి, మామిడాకులు కట్టారు. బాగుందనుకున్నాను. పోటీకి వచ్చిన పిల్లలు వాటి పక్కన నిలబడి ఫోటోలు కూడా దిగారు. మా బిడ్డా దిగింది.

టైం చూసే పని నాది. మా బిడ్డ వంతు వచ్చినప్పుడు గడియారం ఇంకొకరికి ఇచ్చి, మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కకు వచ్చి నిలబడ్డాను. అప్పటికి నాలుగు గుర్రాలు దూకి వెళ్లాయి. గంట కొట్టారు. తెల్లగుర్రం చక్కటి దౌడుతో మొదటి అడ్డు వైపు వచ్చింది. వచ్చి, ఆగింది. భయపడి కాదు, మొరాయించి కాదు. నాలుగు కాళ్లూ సమంగా పెట్టి, తల కొంచెం వంచి, మర్యాదగా నిలబడింది.

జడ్జి మేడం ఒక వేలు ఎత్తారు.

వెనక గుర్రాలు కట్టేసిన చోటి నుంచి కుంటుకుంటూ అక్క అప్పుడే వచ్చింది. పూలు చూసింది. "అయ్యో, గిదేంది తమ్మీ, పెండ్లి గేటు కట్టిండ్రా? తీపియ్యి, జల్ది తీపియ్యి!"

"తీసుడు లేదక్కా. మొదటి గుర్రం అచ్చినంక ఏదీ మార్చద్దు."

"రూల్స్ రాసినోనివి నువ్వే గదా, నువ్వే కొట్టెయ్యి!"

"నేను తెలుగుల రాసిన, అంతే. నలుగురు గీ పూల మీదికెళ్లే దునికిండ్రు."

"మరి నేను పొల్లకు ఒక్క మాట చెప్త."

"చెప్తే బయటికే. సైగ చేసినా బయటికే. నీ దండం పెడ్త, నోరు తెరువకు."

ఆమె నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తర్వాత కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. చేతులు వెనక్కి కట్టుకుంది. నేను మా బిడ్డ నా మొహం చూడకుండా పక్కకు తిరిగాను. అందువల్ల రెండోసారి ఆగడం నేను చూడలేదు. జనం "అయ్యో" అనడం విన్నాను. ఇంకొక్కసారి ఆగితే బయటికే. ఆ గుర్రం మళ్లీ పటాకీల మధ్యకే.

చాలాసేపు డెక్కల చప్పుడు రాలేదు. తల తిప్పి చూశాను. మా బిడ్డ గుర్రాన్ని అడ్డుకు దూరంగా తీసుకెళ్లి, దాని వైపే తిప్పి, నిలబెట్టి ఉంది. పూల వైపు చూస్తోంది. దూరంగా నిలబడితే ఆగినట్లు కాదు, టైం మాత్రం పోతుంది. అది నేను రాసిందే. ఆమె నెమ్మదిగా కళ్లేన్ని ముడి వేసింది. రెండు చేతులూ జోడించి, అడ్డుకు దండం పెట్టింది.

జనం నవ్వారు. "దేవునికి మొక్కుతున్నదిరా!" అని ఎవరో అరిచారు. గుర్రం చెవులు ముందుకు వచ్చాయి. నడిచింది, దౌడందుకుంది, బంతిపూల మీదుగా దూకింది.

నా పక్కన అక్క కొంగు తీయకుండానే ఏదో అన్నది. అర్థం కాలేదు గాని తిట్టు కాదని తెలిసింది.

మధ్యలో అడ్డులకు పూలు లేవు, అన్నీ దాటింది. చివరిది మళ్లీ పూలది. అక్కడ నిలబడి దండం పెట్టే టైం లేదు. నాలుగు అంగల దూరం ఉందనగా మా బిడ్డ ముడి వేసిన కళ్లేన్ని వదిలేసింది. దౌడులోనే, నడుము నిటారుగా పెట్టి చేతులు జోడించింది. అలాగే, జోడించిన చేతులతోనే, గుర్రమూ ఆమే గాలిలోకి లేచారు. వెనక కాలు తగిలి కర్ర గలగలమంది. పడలేదు.

జడ్జి మేడం సారును పిలిచారు, సారు నన్ను పిలిచారు. "చేతులు జోడియ్యద్దని ఏమన్న రూల్ ఉందా?" అని అడిగారు. కన్నబిడ్డ సంగతి కాబట్టి నేను జవాబు చెప్పకుండా కాగితాలు మేడం చేతికే ఇచ్చాను. ఆమె మొత్తం చదివి, "లేదు" అన్నారు. ఆగినందుకు ఎనిమిది తప్పులు, ఆలస్యానికి ఇంకొన్ని. ఆ రోజు మా బిడ్డదే చివరి స్థానం. గెలిచిన ముగ్గురికన్నా మేమే ఎక్కువ సంతోషపడ్డ చివరి స్థానం అది.

అక్క కొంగు దులుపుకుని నా దగ్గరికి వచ్చింది. "నువ్వు గా పూలు తీయించి ఉంటే నిన్ను మంచోడనుకుందును తమ్మీ. కానీ రూల్ తప్పినమని గా సారు దీన్ని ఉంచుకోకపోతుండె."

తీయించకుండా ఉండగలిగినందుకు ఆ నిబంధన రాసినవాళ్లకు, వాళ్లెవరో నాకు తెలియకపోయినా, మనసులో దండం పెట్టుకున్నాను. ఎప్పుడో గుర్రానికి ఆ మర్యాద నేర్పి పోయిన ఆ భర్తకు కూడా.

ఇప్పుడు గుర్రం స్కూల్లోనే ఉంది, అక్క కూడా. దానికి ఆ అలవాటు మాన్పించాలని సారు కొంతకాలం చూశారు. అక్క సాగనివ్వలేదు. మొన్న ఆదివారం వెళ్లినప్పుడు ఒక చిన్న పాప దాని మీద కూర్చుని, నేల మీద పెట్టిన వట్టి కర్రకు కళ్లు మూసుకుని దండం పెడుతోంది. పూలు లేవు కాబట్టి అవసరం లేదని చెప్పబోయాను.

"నువ్వు ఊకో తమ్మీ, పెట్టనియ్యి" అన్నది అక్క.

గుర్రం మెల్లగా కర్ర దాటింది.