మొండన్న లాప్‌టాప్ బేరం

మొండన్నకు వంక పెట్టాలంటే ఒక్కటే ఉంది. వాడిన వస్తువు కొనడానికి వెళ్తే ధర అడగడు, వస్తువును తిప్పి చూడడు. అమ్మే మనిషి మొహంలోకి చూసి, "ఎందుకమ్ముతున్నవ్?" అంటాడు. ఆ జవాబు తన మనసుకు పట్టేదాకా అక్కడి నుంచి కదలడు.

బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మంచిర్యాల దగ్గర మా ఇల్లూ వాళ్ల ఇల్లూ గోడకు గోడ. నేను అక్కడి బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను కాబట్టి, ప్లగ్గున్న వస్తువు ఏది కొనాలన్నా నన్ను వెంట తీసుకుపోతాడు.

ఒకసారి పాత కూలర్ కోసం మల్లేష్ ఇంటికి వెళ్లాం.

"ఎందుకమ్ముతున్నవ్?"

"ఏసీ పెట్టిస్తున్నం మామా."

"ఏదీ ఏసీ?"

"రేపొస్తది."

"అయితే రేపొస్త."

అన్నట్టే మర్నాడు వెళ్లి, ఆ ఏసీ కింద హాయిగా చెమట ఆర్చుకున్నాకే కూలర్ తీసుకున్నాడు.

అంతయ్య స్కూటర్ బేరమైతే ఇంకా విచిత్రం. అంతయ్య దాన్ని మొండన్న ఇంటి ముందుకే తెచ్చాడు. మొండన్న అదే ప్రశ్న వేశాడు. అంతయ్య సీటు నిమురుతూ నిలబడ్డాడు. చివరికి స్కూటర్ స్టార్ట్ చేసుకుని తన ఇంటికి తాను వెళ్లిపోయాడు. మొండన్న చేతికొచ్చిన బేరం చెడగొట్టుకున్నాడని కాలనీ అంతా నవ్వింది. కూరగాయలమ్మే బాలలక్ష్మి అయితే మొండన్న కనబడగానే ముందే అరుస్తుంది. "పైసల కోసమే అమ్ముతున్న పెదబాపూ! వేరే కారణం లేదు. బీరకాయలు తీస్కపో!"

ఇలా ఉండగా మొండన్న మనుమరాలు నిఖితకు లాప్‌టాప్ అవసరం పడింది. కరీంనగర్‌లో యానిమేషన్ చదువుతోంది. కాలేజీకి సొంతంగా ఒక చిన్న ఫిల్మ్ చేసి చూపించాలి. ఆ పని మామూలు లాప్‌టాప్‌తో కాదు. గేములాడే లాప్‌టాప్ కావాలి, కొత్తది కొనే తాహతు లేదు. లక్సెట్టిపేటలో ఒకటి అమ్మకానికి ఉందని ఫోన్లో ప్రకటన చూసి, ముగ్గురం బస్సెక్కాం.

అది నజీరుద్దీన్ అనే బట్టల వ్యాపారి ఇల్లు. ఆయన భార్య జమాలున్నీసా చాయ్ ఇచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు రిదా లాప్‌టాప్ తెచ్చి మా ముందు పెట్టింది.

నేను నా పని చేశాను. స్క్రీన్ మీద గీతలు లేవు. మూత గట్టిగానే ఉంది. బ్యాటరీ మాత్రం ప్లగ్గు తీయగానే చేతులెత్తేసింది. బరువైన ప్రోగ్రాం నడిపితే ఫ్యాన్ పిండి గిర్నిలా మోత పెట్టింది, అడుగుభాగం కాలింది, కానీ ఆగిపోలేదు. గ్రాఫిక్స్ కార్డు పాతదే అయినా నిఖిత చదువు గట్టెక్కేదాకా సరిపోతుంది.

"దుమ్ము తీయించి, ప్లగ్గు పెట్టి వాడుకుంటే పర్వాలేదు. కొనొచ్చు" అన్నాను. నిఖిత అప్పటికే సంచీ నోరు తెరిచి పట్టుకుంది.

మొండన్న రిదా వైపు తిరిగాడు. "ఎందుకమ్ముతున్నవ్ బిడ్డా?"

"పాతదైంది తాతా."

"పాతదాన్ని గంతగనం తుడుస్తరా?"

నిజమే. ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ చున్నీ కొంగుతో లాప్‌టాప్ మూత తుడుస్తూనే ఉంది. చెయ్యి ఆపేసింది.

"జర ధర మాట్లాడుకుందాం చాచా" అన్నాడు నజీరుద్దీన్.

"ధర ఫికర్ లేదు భాయ్. గీ పిల్ల చెప్పాలె."

రిదా తల వంచుకుంది. "నేను ఫెయిలైన తాతా. రెండు సబ్జెక్టులు పోయినయ్. గేమ్ తయారు చేస్తున్న అనుకుంట రాత్రింబగళ్లు దీని ముందరనే కూసున్న. గిది ఇంట్ల ఉంటే నేను బాగుపడ."

"అమ్ముమని నేను చెప్పలే చాచా. రిజల్ట్ వచ్చిన సంది సరిగ తింటలేదు. పరేషాన్ అయితుంది" అన్నాడు నజీరుద్దీన్ మెల్లగా.

అప్పటిదాకా లాప్‌టాప్‌నే చూస్తున్న నిఖిత, మొదటిసారి రిదాను చూసింది.

"నీ మీద నీకు కోపమొచ్చింది బిడ్డా. దాన్ని గీ డబ్బా మీద తీస్తున్నవ్. నేను కొన" అన్నాడు మొండన్న. "పరీక్ష మళ్ల రాయి. పాసయినా కాకున్నా, గప్పుడు గూడ అమ్మబుద్ధయితే ఫోన్ చెయ్యి."

లేచి చెప్పులేసుకున్నాడు.

బస్సులో నిఖిత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాలనీ స్టాపు దగ్గర పడుతుండగా, "మరి నా ఫిల్మ్ సంగతేంది తాతా?" అంది. మొండన్న దిగేదాకా తన చేతులు తాను చూసుకుంటూ కూర్చున్నాడు.

నాకూ కోపం వచ్చింది. ఇంటికి రాగానే మొండన్న భార్య రాజక్క వదినతో, "ఊరివాళ్ల మీద ఉన్న దయ మనుమరాలి మీద ఉండొద్దా?" అన్నాను.

ఆమె చింతపండు పిక్క తీస్తూ చెప్పింది. "మీ అన్నకు హార్మోనియం ఉండె, నీకు తెల్వదు. చేతుల చిరుతలు కొట్టుకుంట భాగోతమాడెటోళ్లకు వాయించెటోడు. బాయిల పైకప్పు కూలి వాళ్ల తమ్ముడు పోయిండు. గా దుఃఖంల దినాలు గాకముందే హార్మోనియం అమ్మిండు. కొన్నోడు ఒక్క మాట అడగలే, ఎత్తుకపోయిండు. తర్వాత మళ్ల కావాలె అని ఊళ్లన్నీ తిరిగిండు. అది చేతులు మారి ఎటు పోయిందో ఏమో, దొరకలే. 'గాయిన ఎందుకమ్ముతున్నవని అడిగుంటే, గక్కడ్నే ఏడ్సి మళ్ల ఇంటికి తెచ్చుకుందు' అంటడు."

అంతయ్య ఆ స్కూటర్ మీద ఇప్పటికీ తిరుగుతున్న సంగతి అప్పుడు నాకు గుర్తొచ్చింది.

ఆ వారంలోనే రిదా నిఖితకు ఫోన్ చేసింది. "అక్కా, లాప్‌టాప్ ఖాళీగానే ఉంటుంది. నువ్వొచ్చి పని చేస్కో. అది నీ చేతుల ఉంటే, నా చేతుల పుస్తకం ఉంటది."

సెలవులన్నీ నిఖిత లక్సెట్టిపేటలోనే గడిపింది. ఒకే గదిలో ఒకరు చదువుతుంటే ఒకరు బొమ్మలు కదిలించేవాళ్లు. ఫ్యాన్ మోతకు జమాలున్నీసా, "ఇంట్లో గిర్ని పెట్టిండ్రు, పిండి మాత్రం ఒస్తలేదు" అని నవ్వుతూ ఇద్దరికీ అన్నం పెట్టేదట. ఫిల్మ్ పూర్తయింది. రిదా పరీక్ష గట్టెక్కింది. మధ్యలో ఆపేసిన గేమ్ కూడా పూర్తి చేసింది. దాన్ని చూసి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ఉద్యోగమిచ్చింది, పనికి కంప్యూటర్ కూడా వాళ్లే ఇచ్చారు.

అప్పుడు మొండన్నకు ఫోన్ వచ్చింది. "ఇప్పుడు సంతోషంగ అమ్ముతున్న తాతా. నిఖితక్కకైతేనే ఇస్త."

ఈసారి మొండన్న ఇంకో మాట అడగలేదు.

రిదా అందులో తన ఫైళ్లన్నీ తీసేసి, గేమ్ ఒక్కటి మాత్రం ఉంచింది. గోదావరిలో పడవను రాళ్లకు తగలకుండా అవతలి ఒడ్డుకు చేర్చాలి. లాప్‌టాప్ ఇంటికొచ్చిన రోజు మొండన్న దాని ముందు కూర్చున్నాడు. పారలు పట్టిన వేళ్లు మీటల మీద ఆనడమే కష్టంగా ఉంది. పడవ మునిగింది. మళ్లీ మొదలుపెట్టాడు.

"తాతా, నాకు పనుంది" అంది నిఖిత.

"ఆగు బిడ్డా, నడి గోదాట్ల ఉన్న."

"పొద్దటి సంది గక్కడ్నే ఉన్నవ్!"

గొడవ తీరుస్తుందేమోనని నేనూ నిఖితా రాజక్క వదిన వైపు చూశాం. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ఎడమ దిక్కు తిప్పరాదు, రాయి కనవడ్తలేదా?" అంది.