సుజాతక్క దుకాణంలో మెరిసిన టైర్లు

కోవిడ్ లాక్‌డౌన్లన్నీ ముగిసిన మరుసటి ఎండాకాలం నన్ను శంషాబాద్ సెక్షన్‌కు వేశారు. అప్పటికి నేను ఒక టైర్ల కంపెనీలో టెక్నికల్ సర్వీస్ ఇన్‌స్పెక్టర్‌ని. పేరు పెద్దదే కాని పని చిన్నది. టైరు ఉబ్బిందనో, అరిగిందనో, ఊగుతోందనో ఎవరైనా ఫిర్యాదు చేస్తే వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని చూసి, తప్పు ఎవరిదో తేల్చాలి. మా కంపెనీ లెక్కలో తప్పు చేయగలిగినవాళ్లు ముగ్గురే: టైరు తయారుచేసినవాడు, బిగించినవాడు, నడిపినవాడు. రిపోర్టులో ఈ ముగ్గురికీ మూడు గడులుండేవి. ఒక గడిలో టిక్కు పెట్టి కింద సంతకం చేస్తే నా పని అయిపోయేది. నాలుగోవాడికి గడి లేదు.

నా పైన ఏరియా ఇంజనీరు, ఆయన పైన జోనల్ మేనేజర్. వాళ్లంతా కాలేజీల్లో చదువుకున్నారు. నేను పదో తరగతి కాగానే లారీ టైర్లకు రీట్రెడింగ్ చేసే షెడ్డులో చేరాను. రీట్రెడింగ్ అంటే అరిగిన టైరుకు కొత్త రబ్బరు తొడుగు వేసి ఉడికించడం. ఆ రోజుల్లోనే మా ఊరి శాఖా గ్రంథాలయంలో రబ్బరు మీద ఉన్న ఒకే ఒక పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి మాటల కోసం, రెండోసారి అర్థం కోసం, మూడోసారి రాసినాయనతో గొడవ పెట్టుకోవడానికి. నాకు ముందూ తర్వాతా ఆ పుస్తకాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోలేదని లైబ్రేరియన్ చెప్పినప్పుడు పాఠకలోకం మీద జాలి కలిగింది.

నన్ను శంషాబాద్‌కు వేసిన ఏడే మా కంపెనీ ఒక పర్ఫార్మెన్స్ టైరును మార్కెట్లోకి దించింది. అది హాట్ హ్యాచ్ అని పిలిచే కార్ల కోసం. చిన్న కారు ఒంట్లో పెద్ద కారు గుండె పెడితే హాట్ హ్యాచ్ అవుతుంది. చూస్తే కూరగాయలకు పోయే బండిలా ఉంటుంది, తొక్కితే వీపు సీటుకు అంటుకుంటుంది. అలాంటి బండికి టైరులో రెండు గుణాలు కావాలి. రోడ్డుకు తగిలే పట్టీ, అంటే ట్రెడ్, మెత్తగా ఉండి రోడ్డును పట్టుకోవాలి. పక్కగోడ గట్టిగా ఉండి మలుపులో వంగకుండా నిలబడాలి. ఇందుకు బదులుగా టైరు తొందరగా అరుగుతుంది, ప్రతి గతుకునూ నడుముకు రిపోర్టు చేస్తుంది.

ఆ టైర్లు అమ్మి బిగించే డీలరు బోర్డును ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా ఒక్క దుకాణానికే ఇచ్చారు. గగన్‌పహాడ్‌లో హైవే పక్కనుండే ఆ దుకాణం సుజాత అనే ఆవిడది. అందరూ సుజాతక్క అనేవారు. భర్త లారీ టైర్ల పని చేసేవాడు. నడుము పడిపోయి ఆయన కుర్చీకే పరిమితమయ్యాక ఆవిడే పానా పట్టుకుంది. పంక్చర్ల నుంచి మొదలుపెట్టి, మిషన్లు తెచ్చి, మా కంపెనీ బోర్డు దాకా వచ్చింది. ఆ బోర్డును రోజూ పొద్దున తడిబట్టతో తుడిచేది. మా జోనల్ మేనేజర్ తన కారును కూడా అంత శ్రద్ధగా తుడిపించేవాడు కాదు.

కొన్ని నెలలు గడిచేసరికి ఆవిడ దుకాణం మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. విచిత్రం ఏమిటంటే పొగడ్తలు కూడా అక్కడి నుంచే వస్తున్నాయి. అదే దుకాణం, అదే టైరు. సగం మంది జారుతోందంటారు, సగం మంది ఇంత పట్టున్న టైరు పుట్టలేదంటారు. జోనల్ మేనేజర్ నన్ను పిలిచి చెప్పింది క్లుప్తం. టైరు మంచిదే, మిగతా ఊళ్లలో గొడవ లేదు. బిగించడంలో లోపం తేలితే బోర్డు తీసేస్తాం, వెళ్లి తేల్చుకురా. ఏది తేలాలో కూడా అందులోనే ఉంది.

నేను ముందు అభిప్రాయాలు సేకరించాను. టైర్ల మీద అభిప్రాయం లేని మనిషి శంషాబాద్ చుట్టుపక్కల లేడు. ఎయిర్‌పోర్టు క్యాబుల వాళ్లు చాయ్ బండి దగ్గర నన్ను చుట్టుకుని ఆ టైరు గుట్టంతా విప్పారు. వాళ్లలో ఒక్కరూ దాన్ని వాడలేదు. కంపెనీ మనిషినని తెలిశాక తమ పాత టైర్లను కూడా చూడమన్నారు.

అసలు వాడినవాళ్లలో ఇద్దరు గుర్తుండిపోయారు. ఒకరు రాజేంద్రనగర్‌లో కొత్త కాలనీలో ఉండే పళ్ల డాక్టరు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన. కొత్త టైర్లు వేయించుకున్న రోజే దుకాణం నుంచి నేరుగా ఎయిర్‌పోర్టు దారిలోకి పోయి, ఒక మలుపులో వాటిని పరీక్షించాడు. బండి వెనకభాగం పక్కకు జారి రోడ్డు అంచు రాయికి తగిలింది. పక్క సీట్లో ఆయన భార్య ఉంది. ఆ తర్వాత ఆవిడ ఆ కారెక్కలేదట.

"నేను రోజూ పళ్లు పీకేవాణ్నండీ. పట్టంటే ఏమిటో నాకు తెలుసు. మీ టైరుకు అది లేదు," అన్నాడు.

రెండోవాడు మంఖాల్ రైతు వెంకట్‌రెడ్డి. అంత ఖరీదైన హాట్ హ్యాచ్ కొని, వెనక సీట్లు మడిచి, టమాటా ట్రేలు వేసుకుని మార్కెట్‌కు పోయేవాడు. కారు కంపెనీవాళ్లు చూస్తే ఏడ్చేవాళ్లు.

"బల్లి గోడను పట్టినట్టు పడ్తదన్నా. ట్రేలేసుకొని మూల మలిపిన, ఒక్క కాయ దొర్లలే," అన్నాడు.

ఇద్దరి బండ్లూ ఒకే మోడల్. రెండింటి టైర్లనూ నిబంధన ప్రకారం పరీక్షించాను. గాలి సరిగ్గా ఉంది. చక్రాల అలైన్‌మెంట్ సరిగ్గా ఉంది. రబ్బరు గట్టితనాన్ని కొలిచే సూది మీటర్‌ను గుచ్చితే రెండూ ఒకే అంకె చూపించాయి. టైరు పక్కన అచ్చయ్యే తయారీ వారం కూడా ఒకటే. ఏరియా ఇంజనీరుకు ఫోన్ చేస్తే, కాలనీలవాళ్లు ఇంటర్నెట్ చదివి చెడిపోయారని, ఊళ్లవాళ్లు దేనికైనా సంతోషిస్తారని కారణం చెప్పాడు. ఇంజనీరింగ్ చదువుకున్న మనిషి అంత తేలిగ్గా కారణం కనిపెట్టడం చూసి ముచ్చటేసింది. నేను మాత్రం రోడ్డు వేడి మీద ఒక సిద్ధాంతం కట్టి, పుస్తకం పేజీలు తలచుకుని రెండు రోజులు గర్వపడ్డాను. తర్వాత, మంఖాల్ ఎండ రాజేంద్రనగర్ ఎండ కంటే చల్లగా ఉండదని నాకే తోచి దాన్ని వదిలేశాను.

కాని ఆ ఇంజనీరు మాటలో ఒక ముక్క పనికొచ్చింది. జారిందన్నవాళ్లలో ఎక్కువమంది నిజంగానే కాలనీలవాళ్లు, పొగిడినవాళ్లు ఊళ్లవాళ్లు. ఎందుకో తెలియక నేను సుజాతక్క దుకాణంలో ఒక స్టూలు మీద కూర్చుని, ఏం జరుగుతుందో చూస్తూ ఉండిపోయాను.

ఒక శుక్రవారం ఉదయం ఎర్ర కారులో ఒక జంట వచ్చి నాలుగు టైర్లూ వేయించుకున్నారు. బిగింపులో వంక పెట్టడానికేమీ లేదు. నట్లను సుజాతక్క వరసగా కాకుండా ఎదురెదురుగా, పుస్తకంలో ఉన్నట్టే బిగించింది. తర్వాత జరగాల్సింది పూజ: బండికి పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. దానికి ముందు సుజాతక్క పాలిష్ డబ్బా, స్పాంజి తెచ్చింది. పక్కగోడలకు పాలిష్ పెట్టడం అన్ని దుకాణాల్లోనూ ఉన్నదే. ఆవిడ అక్కడ ఆగలేదు. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని తిప్పుతూ, రోడ్డుకు తగిలే ట్రెడ్‌కు కూడా గాడి గాడిలో పాలిష్ పట్టించింది. టైరు పెళ్లికొడుకు బూటులా మెరిసింది.

నేను లేచి ట్రెడ్ మీద చెయ్యి పెట్టాను. నూనె వేసిన పెనం మీద ఉల్లిపాయ ముక్కలా అరచెయ్యి జారింది. ఆ పాలిష్‌లో ఉండేది ఒక రకం నూనె. రబ్బరుకూ రోడ్డుకూ మధ్య అది చేరితే ఎంత మంచి టైరైనా పట్టు కోల్పోతుంది. టైర్లను సబ్బు నీళ్లతో కడిగిస్తే తప్ప బండి కదలదన్నాను.

"పూజకు తయారు చేసినంక కడుగుతరా సార్ ఎవరన్న?" అంది సుజాతక్క.

కడిగాం. ఎర్ర కారు యజమాని తనకేదో నష్టం జరిగినట్టే చూశాడు.

అప్పుడు కాలనీల సంగతి, ఊళ్ల సంగతి అర్థమైంది. కాలనీలవాళ్లు కొత్త టైర్లతో నేరుగా నున్నటి ఎయిర్‌పోర్టు రోడ్డుకు పోయి మలుపులో పరీక్షిస్తారు. పాలిష్ ఇంకా ట్రెడ్ మీదే ఉంటుంది. వెంకట్‌రెడ్డి లాంటివాళ్లు పైపుల కోసం తవ్విపోసిన కంకర దారుల్లో ఇంటికి పోతారు. ఊరు చేరేసరికి కంకర ఆ పాలిష్‌నంతా గీకేస్తుంది. కాలనీల టైర్ల మీద కూడా కొద్ది రోజుల్లో అది పోతుంది. టైరు మీది నుంచి పోయింది కాని డాక్టరు బుర్రలోంచి పోలేదు.

దీన్ని రిపోర్టులో రాయాలంటే రుజువు కావాలి. డాక్టరునూ వెంకట్‌రెడ్డినీ ఒక ఆదివారం దుకాణం వెనక ఖాళీ గోదాము ఆవరణకు పిలిచాను. సిమెంటు నేల, చుట్టూ గోడ, మధ్యలో నాలుగు ఖాళీ డ్రమ్ములు. ఒకరి టైర్లు ఒకరికి మార్చి చూద్దామని చెప్పి ఇద్దరినీ ముందు గదిలో చాయ్ దగ్గర కూర్చోబెట్టాను. వెనక నేనూ సుజాతక్కా రెండు బండ్లనూ జాకీ ఎక్కించి, చక్రాలు విప్పి, ఎవరివి వాళ్లకే తిరిగి బిగించాం. పేరు తెలియకుండా రుచి చూపించే ఇలాంటి పరీక్ష గురించి పుస్తకాల్లో ఉంది. అందులో పరీక్ష పెట్టేవాడికి కూడా సంగతి తెలియకూడదంటారు. అంత మంది సిబ్బంది నాకు లేరు.

డాక్టరు డ్రమ్ముల చుట్టూ రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టు వేగంగా తిరిగి, నవ్వుతూ దిగాడు. "ఇదండీ టైరంటే! ఇవే నాకు ముందే ఇచ్చి ఉంటే మా ఆవిడ కారెక్కేది."

వెంకట్‌రెడ్డి ఒక్క చుట్టుకే దిగిపోయాడు. "వద్దన్నా, గీ డాక్టర్ సాబ్ టైర్లు జారుతున్నయ్. నావి నాకియ్యి."

ఎవరి టైర్లు వాళ్లకే ఉన్నాయని చెప్పాను. ముందుగా తేరుకున్నది డాక్టరే. అయితే ఇన్ని రోజులు తను జాగ్రత్తగా నడపబట్టే ఆ టైర్లు దారికొచ్చాయన్నాడు. వెంకట్‌రెడ్డి మాత్రం బండి చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ కాలితో తన్ని, తనవేనని నిర్ధారించుకున్నాక, "ఇగ సక్కగ పడ్తున్నయ్," అన్నాడు. అప్పటికి అతను మళ్లీ బండి ఎక్కలేదు.

వాళ్లు వెళ్లాక సుజాతక్కకు విషయం చెప్పాను. టైరు తయారీలో తప్పు లేదు. నడిపినవాళ్లది లేదు. మిగిలింది బిగించినవాడి గడి. అందులో టిక్కు పడితే నిబంధన ప్రకారం బోర్డు పోతుంది. కుర్చీలోంచి భర్త వింటున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుంది. వేరే కంపెనీల టైర్లకు పక్కలకే పాలిష్ పెడుతున్నప్పుడు వీటికి మాత్రం ట్రెడ్‌కు ఎందుకు పెట్టావని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయింది.

అక్కడ మా కంపెనీ పోస్టరు ఉంది. కొత్త టైరు నిలువెత్తు బొమ్మ. గాడి గాడిలో ట్రెడ్ నల్లటి అద్దంలా మెరుస్తోంది.

"మీ బొమ్మల ఎట్లుందో గట్లనే కనబడాలె అనుకున్న సార్. బొమ్మల మెరుస్తది, కట్టు విప్పితే మబ్బు మబ్బుగ ఉంటది. కొన్నోళ్లు అడుగుతరు గద, ఏంది గిది పాతదా అని. నా తప్పయితే రాయుండ్రి. గని గా బొమ్మకు పాలిష్ ఎవరు పెట్టిండ్రో గది గూడ రాయుండ్రి."

రబ్బరు తనంతట తాను అలా మెరవదు. ఫొటో తీసినవాళ్లు ఆ ట్రెడ్‌కు ఏదో ఒకటి పూసే ఉంటారు. మేము పంపిన బిగింపు సూచనల్లో పాలిష్ గురించి ఒక్క మాట కూడా లేదు. ఉన్నదల్లా ఆ బొమ్మే. ఆవిడ దాన్ని సూచనగా చదువుకుంది. పుస్తకాలు చదివేవాడిగా నేను ఆ చదువును తప్పు పట్టలేకపోయాను.

రిపోర్టులో మూడు గడుల పక్కన స్కేలు పెట్టి నాలుగో గడి గీశాను. దానికి "బొమ్మ తీసినవాడు" అని పేరు రాసి టిక్కు పెట్టాను.

జోనల్ మేనేజర్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కంపెనీ ఫారంలో గడి కలిపే అధికారం నాకెవరిచ్చారని అడిగాడు. ఎవరూ ఇవ్వలేదన్నాను. బిగించినవాడి గడిలోకి టిక్కు మార్చి తెమ్మన్నాడు. మారుస్తాను కాని, ఆ బోర్డు తీయించే మనిషిని అదే బండిలో పోస్టర్లు కూడా తీసుకురమ్మనండి, ముందు మీ వెనక ఉన్నదానితో మొదలుపెట్టమనండి అన్నాను. ఆయన కుర్చీ తిప్పి వెనక్కి చూశాడు. గోడ మీద అదే టైరు తళతళలాడుతోంది. రోజూ దానికి వీపు పెట్టి కూర్చునేవాడు కాబట్టి ఎప్పుడూ చూసి ఉండడు.

బోర్డు అక్కడే ఉండిపోయింది. ట్రెడ్‌కు పాలిష్ పెట్టరాదని డీలర్లందరికీ ఆదేశం వెళ్లింది. ఎందుకు వెళ్లిందో అందులో రాయలేదు. పాత పోస్టర్లు తీసేసి కొత్తవి పంపారు. వాటిలో టైరు మామూలుగానే ఉంది, పక్కన ఒక చిరుతపులి మెరుస్తోంది. సుజాతక్క దాన్ని గోడకు అంటిస్తూ నన్ను అడిగింది: "ఇప్పుడు పులిని యాడికెళ్లి తేవాలె సార్?"

రిటైరయ్యేదాకా ఆ సెక్షన్‌లోనే ఉన్నాను. డాక్టరు ఆ తర్వాత వేరే కంపెనీ టైర్లకు మారాడు. మా టైరు జారుతుందని ఇప్పటికీ పేషెంట్లకు చెబుతుంటాడట. నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లు ఎదురు చెప్పలేరు. వెంకట్‌రెడ్డి తన టైర్లు నున్నగా అరిగి, వాటిలో గాడి అన్నది కనబడకుండా పోయాక కూడా అవి బల్లిలా పట్టుకుంటున్నాయనే అన్నాడు. వాటిని బలవంతంగా మార్పించాల్సి వచ్చింది.

ఆ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. టైరు బాగుందని చెప్పినా, బాగాలేదని చెప్పినా, మీటర్ బయటికి తీసే ముందు ఆ మనిషిని ఒక ప్రశ్న అడిగేవాడిని: టైర్లు వేయించుకున్న రోజు ఏ దారిన ఇంటికి పోయావు? సగం కేసులు అక్కడే తేలిపోయేవి. మిగతా సగం కోసం మోకాళ్ల మీద కూర్చునేవాడిని.