సినిమాలో లేని సన్నివేశం

ఎండకు వేడెక్కిన ప్లైవుడ్ మీద పూసిన నూనెకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది. పోసిన కాంక్రీటు చెక్కలకు అంటుకుపోకుండా సెంట్రింగ్ పనివాళ్ళు ఆ నూనె పూస్తారు. మొన్న మంగళవారం ఉదయం ఏడుగంటల నలభై నిమిషాలకు, రియాద్ ఉత్తరపు అంచున కడుతున్న ఒక బడి భవనంలో మూడో అంతస్తు కొలతలు తీసుకుంటూ ఉండగా ఆ వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. ఒకే దూలం కొలతను రెండుసార్లు చదివి రెండుసార్లూ తప్పుగా రాశాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇది నాకు అలవాటైన పని కాదు. అది గంగారాం వాసన. శుక్రవారం తలంటుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చినా ఆయన చేతుల నుంచి ఆ నూనె వాసన పూర్తిగా పోయేది కాదు. ఆ చేతులతోనే ఆయన మాకు సినిమాలు చూపించేవాడు.

చూపించేవాడు అన్న మాట తెలిసే రాశాను. అప్పట్లో ఈ దేశంలో సినిమా హాళ్ళు లేవు. కొత్త తెలుగు సినిమా మాకు రెండు దారుల్లో చేరేది. నెలలు గడిచాక ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవారు. అంతకుముందే సెలవు మీద ఇంటికి వెళ్ళి వచ్చినవాడు నోటితో చెప్పేవాడు. రియాద్ నడిబొడ్డున బతా అనే పేటలో ఒక తెలుగు మెస్సు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దాని మేడమీది గదిలో ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. సెలవు నుంచి వచ్చినవాడు మొదటి శుక్రవారమే, తాను హాల్లో చూసిన సినిమాను పేర్లు పడే దగ్గర నుంచి శుభం దాకా చెప్పితీరాలన్నది అక్కడి కట్టుబాటు. అరిసెలు తేకపోతే క్షమించేవారు గానీ సినిమా చూడకుండా వస్తే క్షమించేవారు కాదు. చెబుతున్నంతసేపూ ఎవరూ అడ్డు రాకూడదు. చెప్పడం ముగిసిందో లేదో, అది గొప్ప సినిమాయా కాదా అన్న వాదం మొదలయ్యేది.

ఒక గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, ఒక కప్పుకు ఎంత ఇనుము కావాలో లెక్కగట్టడం నా వృత్తి. సినిమాలనూ నేను ఆ చూపుతోనే చూసేవాడిని. డైరీ చివరి పేజీల్లో ఒక పట్టిక గీసుకున్నాను. కథకు ఇరవై అయిదు, నటనకు ఇరవై, సంగీతానికి పదిహేను, ఇలా మొత్తం నూరు మార్కులు. డెబ్బై అయిదు దాటితే గొప్ప సినిమా. భీమవరం నుంచి వచ్చిన ప్రసాదు కంప్యూటర్ల ఉద్యోగి. అతనికి కెమెరా పనితనం ముందు తక్కినదంతా దిగదుడుపు. కామారెడ్డి వైపు నుంచి వచ్చిన లింగయ్య మా కంపెనీలోనే ప్లంబరు. ఏడ్వకుండా బయటికొస్తే అది సినిమా కాదు, వార్తలని అతని తీర్పు. జగిత్యాల ప్రాంతానికి చెందిన గంగారాం సెంట్రింగ్ మేస్త్రీ, మా అందరికంటే పదేళ్ళు పెద్దవాడు. గోడకు ఆనుకుని కూర్చుని అందరి మాటా వినేవాడు.

ఒక శుక్రవారం నేను ఒక సినిమాకు డెబ్బై మూడున్నర ప్రకటించాను.

"ఒకటిన్నర మార్కు కోసం ఫెయిల్ చేసేస్తారేంటండి బాబూ! గ్రేసు కలిపెయ్యండి," అన్నాడు ప్రసాదు.

"మార్కులేస్తే సినిమా పాసైతది సారు. గొప్పదెట్లయితది?" అన్నాడు గంగారాం.

"మరి ఎలా అవుతుందో మీరు చెప్పండి గంగన్నా."

"నాకేమెరుక? నేను చెక్కలు కొట్టెటోన్ని. కాంక్రీటు గట్టివడ్డంక చెక్కలు పీకేస్తం గద. పీకినంక నిలవడాలె. గంతే."

అందరూ నవ్వారు. నేను ఆ మాటను డైరీలో రాసుకున్నాను కానీ, దానికి పట్టికలో ఏ గడి కేటాయించాలో తోచక వదిలేశాను.

ఇక నేను చెప్పవలసిన సంగతి ఆ ఏడాది నవంబరులో జరిగింది. దానికి అయిదు వారాల ముందు లింగయ్య తండ్రి పోయాడు. కబురు వచ్చేనాటికి లింగయ్య ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చే కార్డు, గడువు తీరి, కొత్తది ఇంకా చేతికి రాలేదు. ఆ కార్డు లేనిదే మళ్ళీ తిరిగి వచ్చే వీసా వేయరు. నాలుగు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అయిదో రోజు అన్న ఫోను చేసి, "కొడుకువై పుట్టి మన్నేసుటానికి రాలేదు, ఇగ ఈ గడప తొక్కకు," అని పెట్టేశాడట. అప్పటినుంచి ఎవరైనా తండ్రి ఊసెత్తితే లింగయ్య లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. వేసవిలో రావలసిన సెలవు కూడా తనకు అక్కర్లేదన్నాడు. ఇంటి నుంచి మనిషి అలా తెగిపోతే ఏమవుతాడో మా గదిలో అందరికీ తెలుసు. అలా పద్దెనిమిదేళ్ళు ఇంటి ముఖం చూడని ఒక పెయింటరు మాకు కింది వీధిలోనే రోజూ కనబడేవాడు.

నవంబరు మూడో శుక్రవారం గంగారాం నలభై అయిదు రోజుల సెలవు ముగించుకుని వచ్చి సినిమా చెప్పాడు. ఇద్దరు అన్నదమ్ముల కథ అది. చిన్నవాడు దూరాన పనిలో ఉండగా తండ్రి చనిపోతాడు. గంగారాం మోకాళ్ళ మీద లేచి, రెండు అరచేతులనూ తలుపు రెక్కల్లా పెట్టి చూపించాడు.

"చిన్నోడు మూడొద్దులకు వచ్చిండు. గడప కాడ నిలవడ్డడు. అన్న ఎదురుంగ వచ్చిండు. ఊరంత కొడ్తడనుకున్నరు. అన్న ఏమన్నడు? 'నాయిన పోయేముందు ఒక్కటే మాటన్నడురా. చిన్నోడు ఆకలితోటి వస్తడు, ముందుగాల అన్నం పెట్టుండ్రి, ఏడ్సుడు తర్వాత, అన్నడు. దా, కాళ్ళు కడుక్కో.'"

లింగయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు గానీ ఈసారి లేచి వెళ్ళలేదు. చూడని సినిమాకు మార్కులు వేయడం నా నియమానికి విరుద్ధం. అయినా పెన్సిలుతో ఎనభై ఒకటి వేసుకున్నాను. మరుసటి వారమే లింగయ్య నా బల్ల దగ్గరికి వచ్చి, ఏప్రిల్‌లో సెలవు కోసం ఇంగ్లీషులో దరఖాస్తు రాసి పెట్టమన్నాడు. సంతోషంగా రాసి ఇచ్చాను. ఈ రెండు విషయాలకూ ఏదైనా సంబంధం ఉందేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

ఫిబ్రవరిలో ప్రసాదు అదే సినిమాను పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. గదిలోని టీవీలో పెట్టుకుని చూశాం. గడప సన్నివేశం వచ్చింది. తెర మీద అన్న ఒక్క మాటా మాట్లాడలేదు. తమ్ముడి సంచీని వీధిలోకి విసిరి తలుపు మూసేశాడు. తమ్ముడు వానలో నడిచి వెళ్ళిపోయాడు. అన్నం లేదు, తండ్రి మాట లేదు. ప్రసాదు ఆ వాన చిత్రీకరణకు చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం డైరీ తెరిచాను. గంగారాం నవంబరులో చెప్పిన వాక్యాలను తారీఖుతో సహా పైకి చదివి, తెర మీది కథకూ ఆయన చెప్పినదానికీ మధ్య పదకొండు తేడాలను వరుసగా వినిపించాను. ఆ క్షణాన నాకు కలిగినది గర్వమని ఒప్పుకోక తప్పదు.

"ఏంటి గంగన్నా, డైరెక్టరు గారికి చెప్పకుండా మీరే రీషూట్ చేసేశారా?" అన్నాడు ప్రసాదు. గది గొల్లుమంది.

గంగారాం నా ముఖంలోకి ఒకసారి, లింగయ్య వైపు ఒకసారి చూశాడు. "యాది మర్సిన సారు. ముసలోన్నయితున్న," అన్నాడు. ఆ రోజు లింగయ్య టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. తరువాతి నాలుగు శుక్రవారాల్లో గంగారాం రెండుసార్లే వచ్చాడు. వచ్చినా సినిమా మాట ఎత్తలేదు.

మార్చి రెండో వారంలో లింగయ్య మళ్ళీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. సెలవు రద్దు చేయమని కాగితం రాయాలట.

"ఎందుకు లింగయ్యా? వీసా కూడా వేశారు కదా."

"పోయి ఏం జెయ్యాలె సారు? మా అన్న గట్లనే నా సంచి బజార్ల పారేస్తడు. అసలు సినిమాల ఉన్నది గదే గద. నువ్వే చదివి చెప్పినవ్."

కాగితం రేపు రాస్తానని పంపేశాను. ఆ సాయంత్రం డైరీ వెనక్కి తిప్పాను. గంగారాం సెలవు మీద బయలుదేరిన రోజు నమోదై ఉంది. దానికి సరిగ్గా పది రోజుల తరువాతి పేజీలో లింగయ్య తండ్రి మరణం ఉంది. రెండూ నా దస్తూరీయే. వాళ్ళిద్దరి ఊళ్ళ మధ్య దూరం ఎంతో కూడా ఎప్పుడో ఒక మాటల సందర్భంలో రాసి పెట్టుకున్నాను, రెండు గంటల బస్సు ప్రయాణం. అన్ని అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసి, కింద గీత గీసి కూడడం మరచిపోయిన మనిషిని నేను.

మర్నాడు పని దిగగానే గంగారాం ఉండే కార్మికుల క్యాంపుకు వెళ్ళాను. ఆయన మంచం అంచున కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు. "మీరు సెలవులో లింగయ్య ఇంటికి వెళ్ళారు, అవునా?" అని అడిగాను.

"పదకొండొద్దుల కార్యం నాడు పోయిన," అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. "వాళ్ళన్న నా చెయ్యి వట్టుకొని ఏడ్సిండు. ముసలాయన పోయేముందు ఆ అన్నం మాట అన్నడట. పెద్దోడు ఫోన్ల తిట్టిండు, ఇగ దాన్ని వాపసు తీసుకోను నోరు రాదు. నేను వచ్చిన నాడే లింగనికి చెప్పవోయిన. నాయిన అన్నంగనే లేసి పోయిండు. సినిమా అంటే కూసున్నడు."

"అయితే ఆ సన్నివేశం..."

"సినిమాల లేదు సారు. వాళ్ళింట్ల ఉన్నది."

ఇప్పుడైనా లింగయ్యకు అసలు సంగతి చెప్పమని బతిమాలాను. గంగారాం కత్తి పక్కన పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "నేను చెప్తే మళ్ళ కథ అల్లుతున్నవంటడు. నీ డైరీతోటి నా మాట పోయింది. నువ్వు ఉన్నది ఉన్నట్టే చెప్తవని అందరికెరుకే. నువ్వే చెప్పాలె."

ఆయన చెప్పినదంతా అక్కడే కూర్చుని రాసుకున్నాను. శుక్రవారం భోజనాలయ్యాక, ఇవాళ నేను చెబుతానని లేచాను. ప్రసాదు ఈల వేయబోయి నా ముఖం చూసి మానేశాడు. నాకు గంగారాంలా చేతులు ఆడించడం రాదు. నాకు వచ్చినట్టే చెప్పాను. పదకొండు తేడాలని నేను లెక్కపెట్టిన రోజున పన్నెండోది, ఆ మాటలు ఎవరి ఇంటివన్నది, లెక్కలోకి రాలేదని మొదలుపెట్టాను. గంగారాం ఏ రోజు ఆ ఇంటికి వెళ్ళాడో, అరుగు మీద ఎవరెవరు కూర్చున్నారో, అన్న ఏ మాట దగ్గర ఆగాడో, తండ్రి అన్న వాక్యం ఏమిటో వరుసగా చదివాను. లింగయ్య లేచాడు. తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగాడు.

"గంగన్న నీతోటి చెప్పిస్తున్నడా సారు?"

"ఆయన చెప్పగా నేను రాసుకున్నాను. రాసినదే చదువుతున్నాను."

"అన్నం పెట్టుమన్నడు సరే. ఏం వండుమన్నడట?"

నా కాగితంలో అది లేదు. నేను గంగారాం వైపు తిరిగాను. ఆయన గోడకు ఆనుకునే, కాస్త విసుగ్గా అన్నాడు: "పచ్చిపులుసు. ఉల్లిగడ్డ ఎక్కువెయ్యుమన్నడట."

"పచ్చిపులుసు నేను ముట్టను గద!"

"నాకేమెరుకరా? మీ అన్న చెప్పింది చెప్పిన."

లింగయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. "నాయినకిష్టం. నాకు గూడ ఇష్టమే అనుకునెటోడు. చుట్టీ మీద పోయినప్పుడల్ల అదే చేపిచ్చెటోడు," అన్నాడు. ముందు నవ్వు వచ్చింది అతనికి. ఆ తరువాత, అయిదు నెలలుగా ఆపుకున్నదంతా వచ్చింది. అతన్ని నమ్మించినది నా తారీఖులు కావు. కథ అల్లేవాడెవడైనా ఆ కంచంలో కొడుక్కి ఇష్టమైన కూరే వడ్డించి ఉండేవాడు.

ఏప్రిల్ మొదటి గురువారం లింగయ్యను విమానాశ్రయంలో దింపింది నేనే. నలభై రోజులకు తిరిగి వచ్చి, మొదటి శుక్రవారం మెస్సుకు వచ్చాడు. ఏ సినిమా చూశావని ప్రసాదు అడిగితే చూడలేదన్నాడు. మా కట్టుబాటు చరిత్రలో అది క్షమించరాని నేరం. ఆ రోజు అందరం క్షమించేశాం.

"పచ్చిపులుసు తిన్నవా?" అని అడిగాడు గంగారాం.

"అన్న ఎదురుంగ కూసుండి రెండుసార్లు ఏసిండు. ఏం జేస్త? తిన్న."

గంగారాం ఆ తరువాత మూడేళ్ళు ఇక్కడ ఉన్నాడు. మళ్ళీ సినిమాలు చెప్పాడు. నేను మళ్ళీ ఎప్పుడూ ఆయనను సరిపోల్చి చూడలేదు. ఇప్పుడు ఊళ్ళో మనవళ్ళతో ఉన్నాడు. రెండు నెలలకొకసారి ఫోను చేస్తాను. నేను ఆయనకు ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోతే, "పని జూస్కో సారు," అని మాట మార్చేస్తాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట నిజమా కాదా అని తూచడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. అది ఎవరి ముందు పడుతోందో చూడడం నలభై దాటాక, ఒక సెంట్రింగ్ మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు రియాద్‌లో సినిమా హాళ్ళు ఉన్నాయి. ఆఫీసులో కుర్ర ఇంజినీర్లు, ఇక్కడ పనివారం మొదలయ్యే ఆదివారం ఉదయం కాఫీ దగ్గర చేరి, వారాంతంలో చూసిన సినిమా గొప్పదా కాదా అని అరుచుకుంటూ ఉంటారు. వాళ్ళు నా అభిప్రాయం అడిగితే, వెంటనే చెప్పను. చుట్టూ ఉన్న ఒక్కొక్కరినీ ఇంటి దగ్గర అందరూ కులాసాయేనా అని అడుగుతాను. జవాబులన్నీ విన్నాక గానీ సినిమా సంగతికి రాను. పెద్దవాడిని కనుక మర్యాద కోసం అడుగుతున్నానని వాళ్ళు అనుకుంటారు. నేను వాళ్ళను సరిదిద్దను.