ఇద్దరూ విన్న పిట్ట

ఈ పొద్దున మన్ననూరు పైనున్న అడవిలో మంచుకు తడిసిన ఆకుల వాసన వస్తోంది. నాతో వచ్చిన కొత్త వాచర్ రేణుక ఉన్నట్టుండి ఆగి, "మేడం, పైన సన్నగ ఏదో పిట్ట కూస్తుంది" అంది. చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏమీ వినబడలేదు. ఇస్మాయిల్ చాచా గుర్తొచ్చాడు.

నేను పెద్దమందడి పిల్లను. పల్లీ చేలే తప్ప అడవి ఎరగకుండా ఫారెస్టు ఉద్యోగంలో చేరాను. పిట్టల లెక్కకు నాకు జోడీగా చాచాను వేశారు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఆ కొండల మీద వాచర్‌గా ఉన్న మనిషి. మెడలో దుర్బిన్ వేలాడుతున్నా కళ్లు మూసుకుని వినేవాడు. ఆయన పద్ధతి ఒకటే. "ఇద్దరం వింటెనే పుస్తకంల రాయాలె, బిడ్డా. ఒక్కరు విన్నది ఉత్త ఆశ గూడ కావచ్చు."

మూడు రోజులు నాకు సన్నటి కూత వినబడింది. మూడు రోజులూ చాచా తల అడ్డంగా ఊపాడు. రాసింది కొట్టేశాను. ఈ పనికి పనికిరానేమోనని ఏడుపొచ్చింది. నాలుగో రోజు పంతం పట్టి, కూత వచ్చిన కొమ్మ మీదికి దుర్బిన్ తిప్పాను. నారింజ రొమ్ము చిన్న పిట్టలు నాలుగు. దుర్బిన్ చాచాకిచ్చాను. ఆయన చాలాసేపు చూశాడు.

"కూస్తున్నయా?"

"కూస్తున్నయి చాచా."

"నోర్లు కదుల్తున్నయి. నాకేం వినబడ్తలేదు."

పిట్టల లెక్కంటే ఆయనకు ప్రాణం. అది పోతుందేమోనని నాకే భయమేసి, ఎవరికీ చెప్పనన్నాను. చాచా కోప్పడలేదు. "మూడు దినాలు పిట్ట లేదంటి. పిట్ట ఉన్నది. సన్న కూతకు నాకే చెవి లేదు. రాసింది నీతోని కొట్టేయించిన" అన్నాడు. సాయంత్రం రేంజర్ ముందు నిలబడి అదే మాట చెప్పాడు. మర్నాటి నుంచి ఆయనకు గేటు దగ్గర బండ్లు చూసే పని పడింది. నావల్లే కదా అని కొన్నాళ్లు ముఖం చాటేశాను. ఆయనే పిలిచి, "ఇయ్యాల ఏం విన్నవు?" అని అడిగేవాడు. చేతనైనట్టు ఈలేసి వినిపించేదాన్ని. నా ఈల మాత్రం ఆయనకు వినబడేది.

రేణుక పెన్ను పట్టుకుని నా ముఖం చూస్తోంది. నాకూ చాచా వయసు వస్తోంది.

"నాకు వినబడలే. అట్లని పిట్ట లేదనుకోకు, రాయి" అన్నాను. ఆమె రాసింది. రాయడం అయ్యేదాకా ఆగి అడిగాను.

"ఎట్ల కూసిందో, జర ఈలేసి వినిపియ్యి."