కనకమామిడి తోటలో ఖరీదైన హెడ్‌ఫోన్, ఎల్లన్న డప్పు

ఆరు రోజులుగా నాకు పాట రుచించడం లేదు. వంట చేస్తూ ఒకటి, ఆఫీసు నుంచి వస్తూ నాలుగు వినకపోతే రోజు గడవని మనిషిని నేను. అలాంటిది ఏది పెట్టినా చప్పగా, ఒక పక్కకు ఒరిగినట్టు వినిపిస్తుంటే భయం పట్టుకుంది. పాట మీద మనసే విరిగిపోతోందా అనుకున్నాను. నా స్నేహితురాలు సునీత మాత్రం, "నీ హెడ్‌ఫోన్ పని అయిపోయింది, అంతే" అని తేల్చేసింది. తన దగ్గరున్న చాలా ఖరీదైన జత నా చేతిలో పెట్టి, "కనకమామిడి ఊళ్లె మా తోటకు పోయి నిమ్మలంగ విను. ఎల్లన్నోళ్లు ఉంటరు" అంది. ఎల్లన్న ఆ తోట చూసుకునే మనిషి. ఇంత మంచి హెడ్‌ఫోన్‌లో కూడా పాట పలకకపోతే ఏం చేయాలన్న దిగులుతోనే బయలుదేరాను.

శనివారం ఉదయం ఏడున్నరకు మెహదీపట్నంలో చేవెళ్ల మీదుగా పరిగి వెళ్లే బస్సెక్కాను. ఆడవాళ్లకు డబ్బులివ్వక్కరలేని జీరో టికెట్, ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు. మొయినాబాద్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని, ఆ తర్వాత హెడ్‌ఫోన్ తీసి వీణ పెట్టాను. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినిపించింది. ఆ సంబరంలో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు చేవెళ్ల స్టాండులో ఉంది. "కనకమామిడి అని మీ పక్కనే నిలవడి మూడుసార్లు మొత్తుకున్న మేడం" అన్నాడు కండక్టర్, నా ఎడమ పక్కన నిలబడి. నవ్వేసి దిగాను.

వెనక్కి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు తీసుకున్నారు. దారిలో డ్రైవర్ ఏదో అడిగాడు, నేను పలకలేదు. చివరికి తల వెనక్కి తిప్పి, "అక్కా, ఏ ఫామ్‌హౌస్ అని అడుగుతున్న, జర చెప్పరాదు!" అని గట్టిగా అరిచాడు. అప్పుడు హెడ్‌ఫోన్ సంచిలోనే ఉంది. ఇంజను మోత ఎక్కువగా ఉందనుకున్నాను.

తొమ్మిదిన్నరకు తోట చేరాను. ఎల్లన్నకు యాభై అయిదేళ్లుంటాయి. పెళ్లిళ్లకు, బోనాలకు డప్పు కొడతాడు. సాయంత్రం చేవెళ్లలో పెళ్లి ఉందని వసారాలో డప్పు తుడుచుకుంటున్నాడు. ఆయన భార్య సత్తెమ్మ చాయ్ ఇచ్చి, "నువ్వు పాటలినుకో చెల్లె, నిన్నెవరు కదిలియ్యరు" అని మామిడి చెట్ల కింద మంచం వాల్చింది. ఇంతకన్నా మర్యాద ఏ హోటల్లో దొరుకుతుంది!

గజల్‌తో మొదలుపెట్టాను. గాయకుడు పాట అందుకోవడానికి ముందు తీసుకున్న ఊపిరి విని ఒళ్లు జలదరించింది. ఖవ్వాలీకి వచ్చేసరికి తేడా తెలిసింది. చప్పట్లు నా రెండు పక్కలా పడాలి కదా, అన్నీ కుడివైపే పడుతున్నాయి. ఎడమవైపు వాళ్లు అలిగి కూర్చున్నట్టుంది. డీజే పాటలో బాస్ గుండెల్లో దిగింది, అదీ కుడి గుండెల్లోనే. ఫోన్ తీసి, హెడ్‌ఫోన్‌ల సమీక్షలు రాసే నా బ్లాగు కోసం కసిగా రాసుకున్నాను: "స్పష్టత అద్భుతం. కానీ ఎడమ స్పీకర్ బలహీనం. ఈ ధరకు ఇది క్షమించరానిది." పాత జతా ఇలాగే ఒరిగింది, కొత్తదీ ఇలాగే ఒరిగింది, రెండూ ఒకే పక్కన చెడిపోతాయా అన్న ఆలోచన ఈ మహా సమీక్షకురాలికి రాలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, గంగవాయిలి ఆకుకూర పప్పు తిన్నాక ఎల్లన్న వరిగడ్డి మంట వేసి, తోలు బిగిసేలా డప్పు కాచడం మొదలుపెట్టాడు. కాస్త కాచడం, ఒళ్లో గుండ్రంగా తిప్పుతూ అంచు పొడవునా వేలితో తట్టడం, చెవి ఒగ్గడం. "అన్ని దిక్కుల ఒక్కతీరు పలకాలె" అన్నాడు. హెడ్‌ఫోన్‌లో డప్పు రికార్డింగు పెట్టి ఆయన తలకు తగిలించాను. కాసేపు విని నవ్వాడు.

"మంచిగున్నది. కని డప్పు జర సల్లబడ్డంక కొట్టిండ్రు."

"ఎడమ దిక్కు సన్నగ వస్తున్నది గదా అన్నా?"

"లేదు చెల్లె. రెండు దిక్కుల సమంగనే ఉన్నది. ఏదీ, నువ్వు తిప్పి పెట్టుకో."

పదేళ్లుగా హెడ్‌ఫోన్‌ల గురించి రాస్తున్నాను. ఎడమ గుర్తున్నది ఎడమకే, కుడి గుర్తున్నది కుడికే. తిప్పి పెట్టుకోవడం మా లెక్కలో చెప్పులు తారుమారుగా వేసుకోవడమే. ఆయన మాట తీసేయలేక తిప్పి పెట్టుకున్నాను. ఇప్పుడు కుడి స్పీకర్ నా ఎడమ చెవి మీద ఉంది. అయినా ఎడమవైపే సన్నగా వినిపించింది. మళ్లీ తిప్పినా ఎడమవైపే. అంతే. లోపం స్పీకర్‌లో లేదు, నా ఎడమ చెవిలో ఉంది.

ఎల్లన్నకు చెప్పక్కరలేకపోయింది. "ఎన్ని దినాలాయె?" అని అడిగాడు. ఆరు అన్నాను. డప్పు కింద పెట్టేశాడు. "మా అన్నకు గిట్లనే అయింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంట ఊకున్నడు. ఆ చెవు మళ్ల రాలే. లే, దవాఖానకు పోదువు. బండి మీద రోడ్డు దాకా దింపుత."

"నీ డప్పు చల్లారిపోతది అన్నా, పెళ్లున్నది గదా" అన్నాను.

"డప్పు సల్లబడితె మళ్ల కాస్త. నీ చెవు సల్లబడితె ఎవలు కాస్తరు?"

నన్ను బస్సెక్కించేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. సాయంత్రం అయిదున్నరకల్లా మెహదీపట్నంలో చెవి డాక్టరు ముందు కూర్చున్నాను. లోపలి చెవి సమస్య, ఉన్నట్టుండి వస్తుంది, తొందరగా మందు పడితేనే కోలుకునే అవకాశం ఎక్కువ అన్నారు. నెల గడిచింది. ఎడమ చెవి చాలావరకు తిరిగొచ్చింది. సన్నటి శబ్దాలు కొన్ని ఇంకా అందడం లేదు. నిన్న ఖవ్వాలీ పెట్టుకుంటే ఎడమవైపు వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. వంటింట్లో నిలబడి ఏడ్చేశాను.

ఆ హెడ్‌ఫోన్ నిజంగా గొప్పది, రాసుకున్న నిందను చెరిపేసి సునీతకు క్షమాపణ చెప్పాను. కానీ ఆ రోజు నేను విన్నవాటిలో అన్నిటికన్నా విలువైనది ఎల్లన్న మాటే. పెళ్లికి వేళవుతున్నా తన పని పక్కన పెట్టి నా చెవిని పట్టించుకున్నాడు. ఆయనకు నేను ఏమీ కాను. ఆ రుణం తీర్చుకునే దారి నాకింకా తెలియలేదు.

మీకొక్క సలహా. పాట ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తే హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని చూడండి. ఆ లోపం పక్క మారితే దుకాణానికి వెళ్లండి. అదే చెవి దగ్గర ఉండిపోతే ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి.